మూడో గుర్తు దగ్గర్నుంచి

ఈ రోజు మధ్యాహ్నం హాల్లో తివాచీ చుట్టేస్తుంటే నేల మీద నాలుగు ఆకుపచ్చ గుర్తులు బయటపడ్డాయి. టేపు ముక్కల్ని అడ్డంగా, నిలువుగా అంటించి చేసిన కూడిక గుర్తులు. ఇన్నాళ్ళూ వాటి మీద తివాచీ, తివాచీ మీద పాప బొమ్మలు. అవి ఉన్నాయన్న సంగతే మర్చిపోయాను.

ఖతర్‌లో, అల్ మన్సూరాలోని ఈ ఇల్లు ఖాళీ చేస్తున్నాం. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు చూడటానికి వచ్చేవాళ్ళ కోసం భవనం మొత్తం ఇచ్చేస్తున్నారట. నెలాఖరుకల్లా వెళ్ళిపొమ్మన్నారు. అల్ రయ్యాన్ వైపు ఇంకో చిన్న ఇల్లు దొరికింది. పొద్దున్నే బండి వస్తుంది. పాప పడుకుంది. ఇప్పటికి రెండుసార్లు లేచి వెళ్ళి దాని నుదుటి మీద చెయ్యి వేసి చూసి వచ్చాను. ఏమీ లేదు. నిద్ర పట్టదు కాబట్టి కూర్చుని, ఆ గుర్తుల మీద నాట్యం చేసిన ఆమె గురించి రాస్తున్నాను. పేరు రాయను. రాయొచ్చా అని అడగడానికి ఆమె ఎక్కడుందో నాకు తెలియదు.

మొదటిసారి ఆమెను మా భవనం కింద లిఫ్టు ముందు చూశాను. సగం కట్టిన చీర. ఒక చేతిలో జారిపోతున్న కుచ్చిళ్ళు, ఇంకో చేతిలో ఫోను, ఫోనులో చీర కట్టడం నేర్పే వీడియో. నన్ను చూడగానే "సిస్టర్, ఇండియా?" అంది. పాపకి అప్పటికి రెండేళ్ళు నిండలేదు. టీకా వేయించడానికి బయల్దేరాం, ఆలస్యమైతే వెనక్కి పంపేస్తారని నా కంగారు నాది. అయినా పాపని నేల మీద దించి కుచ్చిళ్ళు అందుకున్నాను.

చీర కడుతుంటే ఎవరైనా కిందికి చూసుకుంటారు, అటూ ఇటూ కదులుతారు. ఆమె కదల్లేదు. ఎదురుగా గోడ మీద ఎక్కడో చూస్తూ నిలబడింది. నేను కుచ్చిళ్ళు దోపాక తల వంచి, వేలి కొనతో ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టింది.

"ఎనిమిది. ఇంకొకటి వేస్తావా?"

"ఎందుకు?"

"బేసి ఉండాలి."

ఆమెది ఇండోనేషియా. వాళ్ళ జావాలో నాట్యానికి కట్టుకునే బట్టకి కూడా ముందు కుచ్చిళ్ళు ఉంటాయట, వేలెడంత వెడల్పువి. అవి సరి సంఖ్యలో ఉంటే ఆమె గురువుగారు మళ్ళీ మొదటి నుంచి మడతపెట్టించేవారట. ఇదంతా లిఫ్టు ముందు చెప్పింది. నేను మొత్తం ఊడదీసి తొమ్మిది పోశాను. ఆ సాయంత్రం ఎవరో పెద్దవాళ్ళు స్టేడియం చూడటానికి వస్తున్నారు. వాళ్ళకి హోటలు గుమ్మంలో పూలిచ్చి స్వాగతం చెప్పే భారతీయ యువతి ఆమే. అప్పటికి ఆమెకు నలభై రెండు.

ఆమె కంపెనీ హోటళ్ళకీ, మాల్స్‌కీ నాట్యం చేసేవాళ్ళని పంపేది. ఆ రోజుల్లో ఏదో ఒక ప్రారంభోత్సవం లేని వారం లేదు. ప్రపంచ కప్పుకి ఇంకా ఇన్ని రోజులే ఉన్నాయని ఒకచోట, స్టేడియానికి పైకప్పు వేశారని ఇంకోచోట. ప్రతిదానికీ ప్రపంచం కావాలి. వారానికో దేశం వేషం. ఒక రోజు థాయిలాండ్, ఒక రోజు చైనా, ఒకసారి వెడల్పాటి టోపీ పెట్టి మెక్సికో. "ఇప్పటికి ఏడు దేశాలయ్యాను. మా దేశం ఇంకా రాలేదు" అనేది. మలేషియా హోటల్లో కొన్నాళ్ళు, కొరియాలో వినోదాల పార్కులో కొన్నాళ్ళు, ఆ తర్వాత ఇక్కడ. అంతకుమించి తన గురించి చెప్పేది కాదు.

మా మధ్య భాష సగం ఇంగ్లీషు, సగం ఆమె ఎక్కడెక్కడో ఏరుకున్న హిందీ. నన్ను 'బు' అని పిలిచేది. పెళ్ళయిన ఆడవాళ్ళని వాళ్ళలా పిలుస్తారట, అమ్మా అన్నట్టు. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది అలా పిలుస్తుంటే మొదట్లో సిగ్గేసేది. నేను అక్కా అనేదాన్ని. ఆమె నోట 'లేదు' అన్న మాట నేనెప్పుడూ వినలేదు. పెళ్ళయిందా అక్కా అంటే 'బెలుమ్' అంది. ఇంకా లేదు, అని. భోంచేశావా? బెలుమ్. మక్కా వెళ్ళావా? బెలుమ్. జరగనివన్నీ దారిలో ఉన్నట్టే చెప్పేది, నవ్వుతూ.

ఒక్కసారి మాత్రం నవ్వలేదు. మీ సొంత నాట్యం ఈ దేశంలో ఎక్కడైనా పూర్తిగా చేశావా అని అడిగాను.

"బెలుమ్."

ఆ నాట్యం నిడివి పద్నాలుగు నిమిషాలు. ఇంటికొచ్చిన అతిథిని ఆహ్వానించే నాట్యం. బయటి దేశాల్లో ఎవరూ మూడు నిమిషాలకి మించి ఇవ్వరు. మూడు నిమిషాల దగ్గర ఒక భంగిమ పెట్టి, నవ్వి, దిగిపోవాలి. "మొదటి మూడు నిమిషాల్లో ఆ అమ్మాయి నడిచి రావడమే, బు. వచ్చాక ఏం చేసిందో ఎవరూ చూడలేదు. పదకొండేళ్ళుగా నేను వస్తూనే ఉన్నాను." చివర్లో మోకాళ్ళ మీద మెల్లగా కూర్చుని, అంత మెల్లగానూ లేచే భాగం ఉంది. ఆమె కుడి మోకాలు అప్పటికే మొరాయిస్తోంది. ఇంకో ఏడాదో రెండేళ్ళో మాట వింటుంది, ఆ తర్వాత వినదు అనేది. ఈలోగా ఒక్కసారి, కూర్చుని చూసేవాళ్ళ ముందు, మొత్తం చెయ్యాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే. "నిలబడి ఫోను తీసేవాళ్ళు కాదు. కూర్చునేవాళ్ళు" అని మళ్ళీ మళ్ళీ చెప్పేది.

ఆమె ఉండేది నాలుగో అంతస్తులో కంపెనీ గదిలో. ఒకదాని మీద ఒకటి మంచాలు, ఆరుగురు అమ్మాయిలు. చెయ్యి చాపితే ఎవరిదో ఒకరి దుప్పటి తగిలేది. మంగళవారం ఆమెకి సెలవు. మా హాలు వాడుకోనా అని అడిగింది. నా భర్త స్టేడియం పనిలో సర్వేయరు. సోఫా జరపడం అతని వంతయింది.

"ఆడ స్టేడియం కడ్తున్న. ఇంటికొస్తె ఇంట్ల గుడ స్టేడియమే. గ్రౌండ్ సాఫ్ చేసుడు నా డ్యూటీ" అని గొణిగాడు. కానీ సైటు నుంచి ఆకుపచ్చ టేపు తెచ్చింది అతనే. ఆమె ఎన్ని అడుగులు వేస్తుందో అడిగి, హాలు కొలిచి, నాలుగు గుర్తులు పెట్టాడు. "కొలత తప్పితె ఆమె చెయ్యి గోడకు తగుల్తది. మళ్ళ నన్ను అంటరు."

ఊరి నుంచి అమ్మ ఫోను.

"బిడ్డా, డాన్సులాడేటోళ్ళను ఇంట్లకు రానిస్తున్నవట. దుబాయ్‌ల గిట్లనే ఉంటదా?"

"దుబాయ్ కాదమ్మా, ఖతర్."

"ఏదైతేంది, దుబాయే. అల్లుడేమంటలేడా?"

"ఏమంటడు. సోఫా జరుపుతుండు."

ప్రతి మంగళవారం పదింటికి వచ్చేది. చెప్పులు గుమ్మం బయట, మొనలు బయటికి తిప్పి పెట్టేది. భుజం మీద పసుపుపచ్చ సంపూర్. పైట కొంగంత పొడవుండే పల్చటి గుడ్డ అది. దాని అంచుని రెండు వేళ్ళ మధ్య పట్టి విసిరితే చిన్న చప్పుడు. పాదం నేల మీద ఉన్నా వేళ్ళు పైకి లేచి ఉండేవి. చూపు ఎప్పుడూ కిందికే. పాపకి ఆమె ఏం వశీకరణం చేసేదో తెలియదు. పొద్దున్నుంచీ నా కాళ్ళకి చుట్టుకుని ఏడ్చే పిల్ల ఆ గంటసేపూ ఆమె పాదాల వేళ్ళనే చూస్తూ ఉండేది. వారం మొత్తంలో నేను వేడి టీ తాగేది ఆ గంటలోనే.

నేను ఇంటర్ దాకా కూచిపూడి నేర్చుకున్నానని ఒకసారి నోరు జారాను. వెంటనే లేవదీసింది. వాళ్ళు ఎదురుగా నిలబడి చూపించరు. గురువు వెనక నిలబడి, మన మణికట్లు పట్టుకుని, మోకాలితో మన మోకాలిని నెట్టి కదిలిస్తారు. ఆమె ఊపిరి నా మెడకి తగులుతుంటే నాలుగడుగులు వేశాను. నాలుగూ తప్పే. నేను నేర్చుకున్నదాంట్లో తాళం మొదటి దెబ్బ మీద కాలు బలంగా పడుతుంది. వాళ్ళది తిరగబడి ఉంటుంది. ఎనిమిది లెక్కపెడితే బరువంతా ఎనిమిదో దాని మీద. పెద్ద గంట అక్కడ మోగుతుంది. దాని పేరు గాంగ్. దానికోసమే మిగతా ఏడూ.

"నువ్వు ముందే వచ్చేస్తావు, బు. గాంగ్ ఇంకా మోగలేదు."

నా స్వభావమే అంత. దగ్గు రాకముందే మందు కొనిపెట్టుకునే మనిషిని.

మా తెలుగు సంఘం ఉగాదికి ఆమె చేత నాట్యం చేయిద్దామన్న ఆలోచన నాదే. కూర్చుని చూసే జనం కావాలంటే అంతకంటే ఏముంది? కమిటీలో ఒక పెద్దాయన ఉన్నారు, భీమవరం వైపు మనిషి. ఆయనకి ఫోను చేశాను.

"ఇండోనేషియా అమ్మాయా? బ్రహ్మాండం అమ్మా. వరల్డ్ కప్పు వస్తోంది కదా, మన ప్రోగ్రాం కూడా ఇంటర్నేషనల్ అయిపోద్ది. ఓ మూణ్ణిమిషాలు ఇద్దాం."

"పద్నాలుగు కావాలండీ."

"పద్నాలుగా? మన అధ్యక్షుడుగారి ప్రసంగమే పన్నెండమ్మా."

"అది కాస్త తగ్గించొచ్చు కదండీ."

ఆయన చాలాసేపు నవ్వారు. "గట్టిదానివే. సరే, మ్యూజిక్ దగ్గర నువ్వే కూర్చో. నీ పూచీ."

ఆ సంగతి చెప్పినప్పుడు ఆమె గంతులెయ్యలేదు. సంపూర్ మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. "కుర్చీలు ఉంటాయా?" అని అడిగింది. ఉంటాయన్నాను. "అందరికీ?" అందరికీ అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం, ఒక బడి ఆడిటోరియం. ఆరింటికి ఇంకో సంఘంవాళ్ళకి అప్పగించాలి. ఉగాది పచ్చడి, దీపం, ప్రార్థన, పంచాంగ శ్రవణం, పిల్లల సినిమా డాన్సులు. ఆ తర్వాత శాలువాలు మొదలయ్యాయి. పదకొండు మంది దాతలు. ఒక్కొక్కరికీ శాలువా, జ్ఞాపిక, ఫోటో. దిగిపోతున్నవాళ్ళని మళ్ళీ పిలిచి ఇంకో ఫోటో. ఒకాయన శాలువా జారిపోతే మళ్ళీ కప్పి ఇంకోటి. తెర పక్కన ఆమె మూడు గంటలు నిలబడే ఉంది. కూర్చుంటే కుచ్చిళ్ళు విరిగిపోతాయి. ఒక దశలో నా చెవి దగ్గరకొచ్చి నిజంగానే అడిగింది: "వీళ్ళందరూ ఏం నాట్యం చేశారు?"

ఆమె వంతు వచ్చేసరికి ఆరింటికి ఇరవై నిమిషాలే ఉన్నాయి. నేను వేదిక పక్కన ల్యాప్‌టాప్ ముందు ఉన్నాను. పాప నా ఒళ్ళో. మధ్యాహ్నం నుంచీ దాని ఒళ్ళు వెచ్చగా అనిపిస్తోంది. థర్మామీటరు ఇంట్లో ఉంది. సంగీతం మొదలుపెట్టాను. ఆమె వచ్చింది. గోల గోలగా ఉన్న హాలు మెల్లగా అణిగింది. వెనక వరుసల్లో అటూ ఇటూ తిరుగుతున్నవాళ్ళు కుర్చీలు వెతుక్కున్నారు. మూడు నిమిషాలు దాటాయి. నాలుగు. ఆమె ఎప్పుడూ ఆగిపోయే చోటు దాటి ముందుకు వెళ్ళింది. ఆమె మెడ కొంచెం వదులవడం నాకు కనిపించింది.

పెద్దాయన నా పక్కకి వచ్చి వంగారు.

"అమ్మా, కట్ చేసెయ్యమ్మా. వందన సమర్పణ ఉంది, లక్కీ డ్రా ఉంది. జనం కూర్చుంది లక్కీ డ్రా కోసమే."

"ఇంకో తొమ్మిది నిమిషాలండీ."

"హాలువాడు తాళాలు పట్టుకుని నిలబడ్డాడు తల్లీ."

ఆయన చెడ్డవాడు కాదు. ఇంకో రెండుసార్లు కాదంటే తల పట్టుకుని వెళ్ళిపోయేవాడు. నేను అనలేదు. పాప తల నా మెడకి ఆనించుకుని మూలిగింది. మెడ కాలినట్టు అనిపించింది. ఇది అయిపోతే ఇంటికి పోవచ్చు, జ్వరం చూడొచ్చు, మందు వెయ్యొచ్చు అనుకున్నాను. వేలితో శబ్దం మెల్లగా తగ్గించాను.

ఆమె అప్పుడు మూడో గుర్తు దగ్గర ఉంది. మా హాల్లోని కొలతలనే ఆ వేదిక మీద కూడా మనసులో పెట్టుకుంది. చెయ్యి పైకి లేచి ఉంది, సంపూర్ అంచు రెండు వేళ్ళ మధ్య ఉంది. సంగీతం సన్నబడుతోందని హాల్లో అందరికంటే ముందు ఆమెకి తెలిసింది. నా వైపు చూడలేదు. ఎత్తిన చేతిని దించి రెండో చేతితో కలిపి నమస్కారం చేసేసింది. వంగింది, నవ్వింది. అది అక్కడితో అయిపోయిందని ఎవరైనా నమ్ముతారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. తొమ్మిది నిమిషాలు పోయాయని ఆ చప్పట్లు కొట్టినవాళ్ళకి తెలియదు.

కారులో వెనక సీట్లో నా పక్కన కూర్చుంది. కుచ్చిళ్ళ గురించి ఇక చూసుకోలేదు. పాప నిద్రపోయి ఆమె మీదికి వాలింది. ఆమె దాని నుదుటి మీద చెయ్యి వేసి, "జ్వరం ఎంత ఉంటుంది?" అని అడిగింది. అంతే. ఇంటికొచ్చి చూస్తే తొంభై తొమ్మిది. దవడ పన్ను వస్తోంది.

మంగళవారం రాదనుకున్నాను. నా భర్త డ్యూటీకి వెళ్ళేముందు సోఫా జరిపాడు. "వస్తదో రాదో. మనం చేసేది మనం చెయ్యాలె."

పదింటికి తలుపు తట్టింది. ఎప్పుడూ వేసుకొచ్చే ట్రాక్ ప్యాంటు కాదు. పూర్తిగా కట్టుకుని, జుట్టు ముడిచి, కుచ్చిళ్ళు మళ్ళీ మడతపెట్టుకుని వచ్చింది. తిన్నగా మూడో గుర్తు మీదికి వెళ్ళి నిలబడింది. చెయ్యి ఎత్తింది. సంపూర్ అంచు రెండు వేళ్ళ మధ్య. శుక్రవారం ఎక్కడ ఆగిందో అక్కడ.

సంగీతం కోసం ఫోను తీయబోతే వద్దన్నట్టు కళ్ళు మూసి తెరిచింది. పెదాల మధ్యే ఏవో చిన్న చిన్న శబ్దాలు చేసుకుంటూ మొదలుపెట్టింది. పాప బిస్కెట్టు పట్టుకుని వచ్చి, కాళ్ళు చాపి, ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను. వచ్చిన అమ్మాయి ఏం చేస్తుందో అప్పుడు చూశాను. పెద్దగా ఏమీ చెయ్యదు. జుట్టు సవరించుకుంటుంది. ఎవరో వస్తున్నారేమోనని చూస్తుంది. కూర్చుంటుంది. ఆ కూర్చోవడానికే నిమిషం పైన పట్టింది. కుడి మోకాలు టక్కుమంది. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. అంత మెల్లగానూ లేచి నాలుగో గుర్తు దగ్గరికి జారినట్టు వెళ్ళి ఆగింది.

"గాంగ్" అంది, లోగొంతుతో. ఆ మోత పూర్తిగా అణిగేదాకా కదల్లేదు. మోత ఎక్కడుంది? ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. అయినా ఆగింది.

తర్వాత సంపూర్ భుజం మీద నుంచి తీసి, "సుదా" అంది. అయింది, అని. ఆ మాట ఆమె నోట అదే మొదటిసారి వినడం.

"అక్కా, మొన్న నేను..." అన్నాను.

"పాలు పొంగాయి, బు."

నిజంగానే పొంగి స్టవ్ అంతా కారాయి. పరుగెత్తాను. నేను తుడుచుకుని వచ్చేసరికి ఆమె పాప చేతిలోని బిస్కెట్టు ముక్క తింటోంది. టీ తాగి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మంగళవారాలు తగ్గాయి. కంపెనీలోకి కొత్త అమ్మాయిలు వచ్చారు. ఆమెకి ముఖం కనిపించని పనులు ఇవ్వసాగారు. ఒకసారి మాల్‌కి రమ్మంది. వెళ్తే, మనిషంత ఎత్తు ఫుట్‌బాల్ బంతులు ఆరు, కింద కాళ్ళు, గెంతుతున్నాయి. జనం నిలబడి ఫోన్లు తీస్తున్నారు. ఏ బంతిలో ఉందో నాకు తెలియలేదు. పాప వేలు పెట్టి చూపించింది: "అక్క." ఎడమ నుంచి రెండోది. అప్పుడు నేనూ చూశాను. మిగతా బంతులన్నీ పాట మొదటి దెబ్బకి గెంతుతున్నాయి. ఆ బంతి మాత్రం ఆఖరి దెబ్బ దాకా ఆగి, అప్పుడు బరువు వేస్తోంది. అయ్యాక వాళ్ళని లోపలికి తీసుకెళ్ళారు. మాట్లాడటానికి కుదరలేదు.

కొన్నాళ్ళకి ఆ రోగం వచ్చి అన్నీ మూతపడ్డాయి. కంపెనీవాళ్ళు అమ్మాయిల్ని విమానం ఎక్కించారు. వెళ్ళే రోజు ఆమె మా తలుపు తట్టింది. నేను తెరవలేదు. నాలుగో అంతస్తులో ఇద్దరికి వచ్చిందని చెప్పుకుంటున్నారు, ఇంట్లో చిన్నపిల్ల. తలుపు కన్నంలోంచి చూశాను. మాస్కు, వీపుకి సంచి, కనిపించేవి కళ్ళే.

"బు, పాప బాగుందా?"

"బాగుందక్కా. ఏమీ అనుకోకు."

"మంచిది. తెరవకు."

వెనక్కి తిరిగి, కుడికాలు జాగ్రత్తగా వేస్తూ లిఫ్టు వైపు వెళ్ళింది. నా దగ్గరున్నది ఆమె ఇక్కడి నంబరు. అది మోగడం మానేసింది.

ఈ మధ్యాహ్నం పాప ఆ గుర్తుల మీద గెంతుతూ ఆడుకుంది. దానికిప్పుడు ఆరేళ్ళు. నా భర్త గుమ్మంలోంచి చూసి, "గీ టేప్ పీకెయ్యాల్నా?" అన్నాడు.

"ఉండనియ్యి."

వంగి ఒక కంటితో వరస చూసుకున్నాడు. "లైన్ గిట్ల ఏం తప్పలే" అని అట్టపెట్టె ఎత్తుకుని వెళ్ళాడు.

"అమ్మా, ఈ ప్లస్సులు ఎవరివి?" అంది పాప.

"ఒక అక్కవి. ఈడ డాన్స్ చేసేది."

"నేను చూసిన్నా?"

"చూసినవ్. ముందట కూసొని, అయిపోయేదాక చూసినవ్."

"మంచిగ చేసిందా? చప్పట్లు కొట్టినమా?"

ఆ రోజు దాని చేతిలో బిస్కెట్టు ఉంది. నేను పాల దగ్గరికి పరుగెత్తాను. శుక్రవారం హాల్లో కొట్టినవాళ్ళు సగానికే కొట్టారు.

చుట్టిన తివాచీని పక్కన పెట్టి చేతులు దులుపుకున్నాను. పాప అప్పటికి నాలుగో గుర్తు మీద ఉంది. చప్పట్లు కొట్టాను. సామాను లేని హాలు కదా, చాలా గట్టిగా మోగాయి. పాప అవి తనకే అనుకుని, చేతులు జోడించి వంగింది.

కాదని చెప్పలేదు. ఇంకాసేపు కొట్టాను.